మీట మీద రిబ్బను

శ్రీవారికి,

ముందుగా నా అక్షరాలకి క్షమించండి. నేను చదివింది ఐదో తరగతి, అందులోనూ సగం ఏడాది దగ్గుతోనే పోయింది. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట రెండేసి ఉంటాయి. గీత మీదే రాయాలని మొదలుపెడతాను. పేజీ చివరికొచ్చేసరికి అక్షరాలన్నీ మెట్లు దిగిపోతూ ఉంటాయి. మీరు నవ్వుకోండి గాని పక్కవాళ్ళకి మాత్రం చూపించకండి.

మీరిచ్చిన వాకీటాకీ సెట్టు గురించి రాస్తున్నాను. పడవకి టైమైపోతోందని గుమ్మంలో నిలబడి, "ఇది తిప్పాలి, ఇది నొక్కాలి, ఇలా వినాలి" అని గబగబా చూపించారు. నేను తల ఊపాను. నిజం చెప్పాలంటే మీటలు చూడలేదు, మీ మొహం చూశాను. ఇప్పుడు మొహం బాగా గుర్తుంది, మీటలు గుర్తులేవు.

నాలుగు రోజుల కిందట ధైర్యం చేసి పైనున్న ఒక మీట తిప్పాను. బుస్సుమంది. అత్తయ్య లోపలి నుంచి పరుగున వచ్చారు.

"ఏమిటే అది? పాములా బుస కొడుతోంది!"

"మీ అబ్బాయి గారి సెట్టు అత్తయ్యా."

"ఓహో. వాడి గురకలాగే ఉందిలే. ఏమంటున్నాడు?"

ఏమీ అనడం లేదంటే ఆవిడ బాధపడతారని, "బాగున్నారట" అన్నాను.

"ఇంకా?"

"మిమ్మల్ని వేళకి మందు వేసుకోమన్నారు."

"అంతసేపు బుస కొట్టి ఇంతేనా చెప్పింది?"

అప్పటినుంచీ రోజూ సాయంత్రం బుసకి అర్థం చెప్పడం నా పనైపోయింది. ఇవాళ మీరు ఆవిడ మోకాళ్ళ గురించి చాలా వివరంగా అడిగారు. ఎందుకైనా మంచిది, గుర్తుపెట్టుకోండి.

దీన్ని ఎలా వాడాలో నిదానంగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు రాయండి.

ఇట్లు,
మీ ఇంట్లో మనిషి

తా.క. సెట్టు నెత్తిన నల్లగా, పొడుగ్గా ఉన్నది పిడి అనుకుని దాన్ని పట్టుకునే ఇల్లంతా తిరిగాను. అది పిడేనా?

\*

మా ఇంటి పిచ్చుకకి,

నీ అక్షరాలు మెట్లు దిగినా నా దగ్గరికే వచ్చాయి, ఫరవాలేదు.

అది పిడి కాదు తల్లీ, ఏరియల్. మాట గాల్లోకి వెళ్ళేదీ, గాల్లోంచి వచ్చేదీ దాని మీదుగానే. దాన్ని పట్టుకుని ఊపకు. సెట్టుని నిటారుగా, మొహానికి కాస్త ఎడంగా పట్టుకో.

ఇప్పుడు నిదానంగా చదువు. ముందు దాన్ని చార్జింగ్ గూట్లో నిలబెట్టు. ఎర్ర దీపం పచ్చబడ్డాక తియ్యి. నెత్తిన రెండు గుండ్రటి మీటలుంటాయి. పెద్దది కుడివైపు తిప్పితే సెట్టు పని మొదలుపెడుతుంది, ఇంకా తిప్పితే గొంతు పెరుగుతుంది. చిన్నది చానల్ మీట. టిక్కు టిక్కుమంటూ తిరుగుతుంది. మనది ఏడో చానల్. అక్కడ మనిద్దరమే ఉంటాం, నువ్వు సిగ్గుపడక్కర్లేదు. పక్కన ఒక పొడుగాటి మీట ఉంది చూడు, అది నొక్కి పట్టుకుని మాట్లాడాలి. మాట్లాడినంతసేపూ వదలకూడదు. మాట అయిపోగానే 'ఓవర్' అని చెప్పి వదిలెయ్యి. వదిలితేనే నా మాట నీకు వినపడుతుంది. పగలంతా నేను క్రేను మీద పని సెట్టుతో ఉంటాను. మన సెట్టు సాయంత్రం పని దిగాకే తీస్తాను, అప్పుడు మాట్లాడు.

ఇక అసలు విషయం. క్యాంపులో కుటుంబంతో ఉండే గది ఒకటి ఖాళీ అయింది. పెద్ద మేస్త్రీ నన్నూ వంటమనిషినీ పిలిచి, "ఎవరి ఇంటావిడ వస్తానని ముందు కబురు పెడితే గది వాళ్ళది" అన్నాడు. ఈ వంతెన పూర్తవడానికి ఇంకా రెండేళ్ళు పడుతుంది. నువ్వు ఆ ఒడ్డున, నేను ఈ ఒడ్డున, మధ్యలో సరుకుల పడవ. నాకిలా బాగాలేదు. అమ్మని అడుగు. నేను అడగాలంటే, పెళ్ళాన్ని పంపమని ఏ మొహంతో అడుగుతాను? అమ్మ ఒప్పుకుంటే సెట్టులో 'వస్తాను' అని ఒక్క మాట చెప్పు. ఉత్తరం వచ్చేదాకా మేస్త్రీ ఆగడు.

క్రేను మీద నుంచి,
మీ ఆయన

తా.క. మా మేస్త్రీ మంచివాడే గాని, నవ్వితే తుప్పు పట్టిన గేటు తెరిచినట్టుంటుంది. ఇది నీకు మాత్రమే చెబుతున్నాను.

\*

శ్రీవారికి,

నా మీద కోపమా? ఉంటే ఉందని చెప్పాలి గాని, ఇలా మూగనోము పట్టడం ఏమిటి?

మీరు రాసినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. దీపం పచ్చబడేదాకా పొయ్యి మీద పాలు పెట్టినట్టు కాపలా కాశాను. చానల్ మీట మీద అంకెలన్నీ అరిగిపోయాయి. అయినా నేనేం తక్కువ తినలేదు, టిక్కులు లెక్కపెట్టుకుంటూ సరిగ్గా ఏడు టిక్కులు తిప్పాను.

అత్తయ్యని అడుగుదామని మూడుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. మొదటిసారి ఉప్పు ఎక్కడుందని అడిగాను. రెండోసారి చీపురు అడిగాను. మూడోసారి ఏమీ తోచక టైమెంతని అడిగాను, గడియారం నా ఎదురుగానే ఉంది. ఆవిడ నన్ను పైకీ కిందకీ చూసి, "ఒంట్లో బాగుందా?" అన్నారు.

ముందు మీతో మాట్లాడితే కాస్త ధైర్యం వస్తుందనిపించింది. సాయంత్రం దాకా ఆగలేకపోయాను. పొద్దున్నే సెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. కానీ ఆ పక్క మీట ఎంత గట్టిగా ఉందండీ! ఒక చేత్తో అది నొక్కి పట్టుకుని ఇంకో చేత్తో బట్టలు ఉతకడం ఎలా? అందుకని నా జడ రిబ్బను తీసి మీట మీద నాలుగు చుట్లు చుట్టి గట్టిగా ముడేశాను. మాట్లాడినంతసేపూ వదలకూడదన్నారు కదా, నాకేమో చెప్పాల్సింది చాలా ఉంది. సెట్టుని గోడ మీద నిలబెట్టి, పని చేసుకుంటూ మీతో హాయిగా మాట్లాడుకున్నాను.

కోడిపెట్ట పొదుగుతున్న సంగతి చెప్పాను. బల్లిని చూసి మీరు మంచమెక్కిన రోజు గుర్తుచేశాను. మేస్త్రీ గారి గేటు నవ్వు తలుచుకుని పడీపడీ నవ్వాను. పక్కింటి దర్జీ గారి కత్తెర పోయిన గొడవ మొదటినుంచీ చెప్పుకొచ్చాను. మీరు ఒక్కదానికీ ఊ కొట్టలేదు. అయినా ప్రతి మాటకీ చివర మర్యాదగా 'ఓవర్' అంటూనే ఉన్నాను. అది ఎంత అలవాటైందంటే, మధ్యాహ్నం "అత్తయ్యా, వడ్డించాను, ఓవర్" అన్నాను.

అన్నీ అయ్యాక అత్తయ్యని ఎలా అడగాలో మీ ముందే అభ్యాసం చేశాను. చివరికి 'వస్తాను' అని చెప్పబోతుంటే సెట్టు కీచుమని కూసి ఆరిపోయింది.

అంతసేపు మాట్లాడితే ఒక్క మాటకైనా బదులివ్వని మనిషి దగ్గరికి రావాలో వద్దో నాకిప్పుడు తెలియడం లేదు.

ఇట్లు,
మీ అలిగిన మనిషి

తా.క. కత్తెర దొరికింది. ఎక్కడో మీరు ఊహించలేరు. కానీ చెప్పను.

\*

ఓసి పిచ్చుకా,

రిబ్బను విప్పు! ఈ ఉత్తరం తర్వాత చదువుదువుగాని, ముందు లేచి వెళ్ళి రిబ్బను విప్పు!

విప్పావా? ఇప్పుడు కూర్చుని చదువు. కూర్చునే చదువు, నిలబడి చదవకు.

మీట నొక్కి ఉన్నంతసేపూ నీ సెట్టుకి నోరే ఉంటుంది, చెవులుండవు. నేను గొంతు చించుకుని అరిచినా నీకు వినపడదు. ఇదొక్కటే అయితే ఫరవాలేదు. ఏడు టిక్కులు అన్నావే, ఎక్కడినుంచి లెక్కపెట్టావు? ఉన్నచోటి నుంచే, అదీ ఎడమకా? మీటని ఎడమకి పూర్తిగా తిప్పేస్తే ఆగే చోటు ఒకటో చానల్. అక్కడినుంచి లెక్కపెట్టాలి. నువ్వు వెళ్ళి వాలింది మూడో చానల్ మీద. అది మా పని చానల్. మేస్త్రీ దగ్గరా, వెల్డర్ల దగ్గరా, సిమెంటు వాళ్ళ దగ్గరా, నా క్రేనులోనూ అదే మోగుతుంది. ఒకరు మీట నొక్కితే మిగతావాళ్ళు నోరు మూసుకోవాల్సిందే. నువ్వు పొద్దున్నే నొక్కావు.

నేను క్రేను పైన. నా కొక్కానికి వేలాడుతూ నిండా కాంక్రీటుతో తొట్టి. కింద మేస్త్రీ. "దించు" అని ఆయన చెప్పాలి, నేను దించాలి. ఆయన మీట నొక్కి ఏమన్నాడో దేవుడికి తెలియాలి, మా అందరికీ వినపడింది మాత్రం, "అబ్బ, ఈ బనియన్లకి ఇన్ని చిల్లులేమిటండీ, ఓవర్." తొట్టి గాల్లోనే ఉండిపోయింది. చివరికి మేస్త్రీ తన చొక్కా విప్పి, దాన్ని ఊపి సైగలు చేశాడు.

బల్లి సంగతి సైటు మొత్తానికి తెలిసిపోయింది. ఇవాళ నా టిఫిన్ డబ్బాలో ఎవరో కాగితంతో చేసిన బల్లిని పెట్టారు. గేటు నవ్వు సంగతి మేస్త్రీ తన చెవులతో తానే విన్నాడు. అప్పటినుంచీ నవ్వొస్తే గోడవైపు తిరుగుతున్నాడు. పని ఆపించినందుకు గది వంటమనిషికే అన్నాడు. మన రెండో సెట్టు కూడా లాక్కున్నాడు.

నువ్వు అభ్యాసం చేసిన మాటలూ విన్నాం. "అత్తయ్యా, నన్ను పంపిస్తారా? వద్దు, ఇలా కాదు. అత్తయ్యా, మీకు అభ్యంతరం లేకపోతే... అయ్యో, గొంతు వణుకుతోంది" అని నువ్వంటుంటే అందరూ ఊపిరి బిగబట్టారు. నేను పైన ఒక్కణ్ణే ఉన్నాను కాబట్టి సరిపోయింది. నా కళ్ళు ఎవరూ చూడలేదు.

నిన్ను ఎవరూ తిట్టుకోవడం లేదు, అదొక్కటే ఊరట. నాలుగింటికి టీ తాగేటప్పుడు అందరూ సెట్ల చుట్టూ చేరి, "చెల్లెమ్మ ఇవాళ రాలేదా?" అని అడుగుతున్నారు. కోడిపిల్లలు గుడ్లలోంచి వచ్చాయా అని సిమెంటు వాళ్ళు ఆరా తీస్తున్నారు. వెల్డరైతే నిద్రపోవడం లేదు.

మీ ఆయన

తా.క. వెల్డరు కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. ఆ కత్తెర ఎక్కడ దొరికింది?

\*

శ్రీవారికి,

మీ ఉత్తరం చదివాక రెండుసార్లు మొహం కడుక్కున్నాను. మొహం అలాగే ఉంది, సిగ్గు పోలేదు.

ఊరందరికీ బనియన్ల చిల్లులు చూపించిన కోడలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. గది కూడా నా నోటివల్లే పోయింది. అది తలుచుకుంటే సిగ్గుకంటే ఏడుపే ఎక్కువొస్తోంది. మీ కళ్ళ సంగతి రాశారే, ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పను. కాగితం మీద ఆ చోట వేలి మచ్చ పడింది.

ఇక ఆ సెట్టు జోలికి పోను. తుడిచి, చార్జింగ్ పెట్టి, అత్తయ్య చేతికి ఇచ్చేశాను. "నాకెందుకే ఇది?" అన్నారు. "బుసకి అర్థం చెప్పడం ఇక నావల్ల కాదు అత్తయ్యా, మీరే వినండి" అన్నాను. "అదీ నిజమే. వాడు ఈమధ్య నా మోకాళ్ళ గురించి మరీ ఎక్కువ అడుగుతున్నాడు" అంటూ తీసుకున్నారు. మీట నొక్కితే నోరు, వదిలితే చెవులు అని నేర్పాను. ఒక్కసారి చెబితే వచ్చేసింది ఆవిడకి. నాకంటే నయం.

వెల్డరు అన్నయ్యగారికి నా నమస్కారాలు. కత్తెర సంగతి ఉత్తరంలో రాసేంత చిన్నది కాదని చెప్పండి.

ఇట్లు,
మీ మొహం చెల్లని మనిషి

తా.క. ఎడమకి పూర్తిగా తిప్పి, ఆగిన చోటు ఒకటిగా లెక్కపెట్టాలి కదూ? ఊరికే అడిగాను.

\*

పిచ్చుకా,

నిన్న ఇక్కడ జరిగింది వింటే నువ్వు నమ్మవు.

నాలుగింటికి అందరం టీ గ్లాసులతో కూర్చున్నాం. సెట్లన్నీ ఒక్కసారిగా గరగరమన్నాయి. లోపలినుంచి మా అమ్మ గొంతు!

"ఎవరు నాయనా అక్కడ?"

ఒక్కసారిగా పదిమంది మీటలు నొక్కారు. మళ్ళీ గరగర.

"అందరూ ఒకేసారి మీద పడకండి. వరసగా రండి. ముందు పెద్దవాళ్ళు."

నమ్ముతావా? ఇన్నాళ్ళూ మేస్త్రీ మొత్తుకున్నా వినని మనుషులు వరసలో నిలబడ్డారు. మేస్త్రీ నాలుగుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, "అమ్మా, నమస్కారం. నేను పెద్ద మేస్త్రీని" అన్నాడు.

"నవ్వితే గేటు తెరిచినట్టుంటుందట, నువ్వేనా?"

నేను టీ గ్లాసులో దూరిపోదామనుకున్నాను.

"నేనేనమ్మా."

"ఏదీ, ఒకసారి నవ్వు నాయనా."

మేస్త్రీ మీట నొక్కి నవ్వాడు. తర్వాత అమ్మ, "మా కోడలు అబద్ధం చెప్పదు" అంది. ఆ మాటకి మేస్త్రీ నిజంగానే నవ్వాడు, గోడవైపు తిరగకుండా, మొత్తం గేటు తెరుచుకునేలా.

ఇంతలో వెల్డరు అందరినీ తోసుకుంటూ వచ్చాడు. "అమ్మా, మీకు దండం పెడతాను, ఆ దర్జీ కత్తెర ఎక్కడ దొరికింది?"

"నాకు తెలుసు. కానీ కథ మొదలుపెట్టింది మా కోడలు, చివర కూడా అదే చెప్పాలి. అక్కడికొచ్చి చెబుతుంది."

"ఎప్పుడొస్తుందమ్మా?"

"గది ఎప్పుడిస్తే అప్పుడు."

అందరూ వంటమనిషి వైపు తిరిగారు. అలా అందరూ చూస్తూ ఉంటే పాపం ఎంతసేపు తట్టుకుంటాడు? గరిటె కింద పెట్టి, "మా ఆవిడ ఎలాగూ రానని చెప్పింది. గది వాళ్ళకే ఇచ్చెయ్యండి, నాకూ కత్తెర సంగతి తేలాలి" అన్నాడు. మేస్త్రీ అక్కడికక్కడే తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అమ్మ అంతటితో వదల్లేదు. గదికి సున్నం వేయించాలంది, కిటికీ తలుపు సరిచేయించాలంది, మేస్త్రీ దగ్గుకి వేణ్ణీళ్ళు తాగమంది. ఆయన అన్నిటికీ "అలాగేనమ్మా" అంటూ చేతులు కట్టుకున్నాడు, అమ్మకి కనపడదని మర్చిపోయి.

చానల్ మీట అమ్మ చేతిలో ఎలా తిరిగి మూడో దాని మీద పడిందో గాని, మన అదృష్టం. ఒక్కటే అర్థం కావడం లేదు. గది సంగతి అమ్మకి ఎవరు చెప్పారు? నువ్వు అడిగావా? నిజంగా నోరు తెరిచి అడిగావా?

వచ్చే పడవకి వచ్చెయ్యి.

తాళంచెవి జేబులో పెట్టుకుని నిద్రపోతున్న
మీ ఆయన

తా.క. బల్లి గురించి అడగకముందే చెబుతున్నాను, గదంతా వెతికాను. లేదు.

\*

శ్రీవారికి,

మీట దానంతటది తిరగలేదు, నేనే తిప్పాను. ఎడమకి పూర్తిగా, అక్కడినుంచి లెక్కపెట్టుకుంటూ, మూడోది. నాలుగవుతుండగా అత్తయ్య చేతికి అందించి, నేను తలుపు వెనక నిలబడ్డాను. నాకు అడిగే ధైర్యం లేదు గాని, అడిగేవాళ్ళు ఆ ఒడ్డున అంతమంది ఉన్నారు కదా. "మీ కోడలిని పంపండమ్మా" అని వాళ్ళలో ఒక్కరైనా అంటే, అంతమంది వింటుండగా ఆవిడ కాదనలేరని నా ఎత్తు. పిచ్చుకా పిచ్చుకా అంటారు కదా, పిచ్చుకకీ ఒక ఎత్తు ఉంటుంది.

గది గురించి మాత్రం నేను ఒక్క ముక్క చెప్పలేదు. అందుకే "గది ఎప్పుడిస్తే అప్పుడు" అని ఆవిడ అన్నప్పుడు తలుపు సందులోంచి తొంగి చూశాను.

అత్తయ్య సెట్టు ఆపి, "ఇక తలుపు వెనక నుంచి రావే" అన్నారు. వచ్చాను.

"ఆ రోజు పెరట్లో అంత గట్టిగా 'అత్తయ్యా, క్యాంపులో గది ఖాళీ అయిందట, నన్ను పంపిస్తారా' అని పదిసార్లు అంటే, నది అవతల వాళ్ళకి వినపడింది, కిటికీ ఇవతల ఉన్న నాకు వినపడదా?"

నేను జడ రిబ్బను ముడి విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాను.

"ఇవాళ అడుగుతుంది, రేపు అడుగుతుంది అని చూస్తున్నాను. నువ్వేమో ఉప్పు, చీపురు అంటావు. నేనే వెళ్ళమంటే గెంటేసినట్టుంటుందని ఊరుకున్నాను. అందుకని ఊరినంతా పిలవాలిటే? వంటింట్లో ఉన్న నన్ను పిలిస్తే చాలదూ?" అంటూ మంచం కిందనుంచి పెట్టె లాగారు. నా చీరలన్నీ మడతపెట్టి ఉన్నాయి. మీ బనియన్లు చిల్లులు కుట్టి ఉన్నాయి. పెట్టె మీద పడిన దుమ్ము చూస్తే అది సర్దింది ఇవాళా నిన్నా కాదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆవిడని గట్టిగా పట్టుకున్నాను. "చాల్లే, నా మోకాళ్ళు" అన్నారు గాని వదిలించుకోలేదు.

కత్తెర సంగతి మీకు ముందే చెబుతున్నాను, వెల్డరు అన్నయ్యగారికి చెప్పకండి, నా నోటితో నేనే చెప్పాలి. దర్జీ గారు దాన్ని ఒక పెద్దాయన కోటు లోపలి అస్తరులో పెట్టి కుట్టేశారు. ఆయన కూర్చున్నప్పుడల్లా కెవ్వుమని, చివరికి దర్జీ గారి దగ్గరికొచ్చి, "కోటు బాగుంది గాని కరుస్తోంది" అన్నాడట.

వచ్చే పడవకి వస్తున్నాను. సెట్టు అత్తయ్య దగ్గరే ఉంటుంది. నాలుగింటికి అందరూ హాజరు పలకాలట, మేస్త్రీ గారితో సహా. కోడిపిల్లల కబుర్లు ఆవిడే చెబుతారు.

ఇంకొక్క మాట. ఇది సెట్టులో చెప్పలేను, మీ ఎదురుగా అసలే చెప్పలేను, కాబట్టి రాసేస్తున్నాను. గదికి సున్నం లేకపోయినా, కిటికీ ఊడిపోయినా, మీరు ఎంత గురక పెట్టినా ఫరవాలేదు. మీరు లేకుండా ఉండటం నాకు చేతకావడం లేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. రాసేశాను. చెవులు కాలిపోతున్నాయి.

ఇట్లు,
మీ దగ్గరికి వస్తున్న మనిషి

తా.క. చదివిన వెంటనే ఈ ఉత్తరాన్ని కాల్చేయండి. పొయ్యిలో వద్దు, అక్కడ వంటమనిషి గారుంటారు. వెల్డరు అన్నయ్యగారి దగ్గర నిప్పు అడగకండి, ఎందుకని అడుగుతారు. పైకి చదవకండి, పెదాలు కదపకండి. నది ఒడ్డుకి ఒక్కరే వెళ్ళి, సెట్టు ఆపేసి, ఆపారో లేదో ఇంకోసారి చూసుకుని, అప్పుడు కాల్చండి.